చివరి సున్న ఎవరిది?

మామిడి కాలంలో దామలచెరువు మండీల దారిన వేబ్రిడ్జి మీదికి కాయల ట్రాక్టర్ ఎక్కుతుంది. గదిలో ఎర్ర అంకెలు కాసేపు ఊగి 6,870 దగ్గర నిలబడతాయి. కాయ దించాక ఖాళీ బండి మళ్లీ ఎక్కితే 2,940. నికర తూకం 3,930 కిలోలని చీటీ అచ్చవుతుంది. మూడు తూకాలూ సున్నతోనే ముగిశాయి. రోజంతా అక్కడే కూర్చుని వచ్చేపోయే బండ్ల చీటీలన్నీ చూసినా చివర మరో అంకె కనిపించదు. ఆ కాటా పదేసి కిలోల చొప్పున కదిలే రకం. 6,870 తర్వాత దానికి తెలిసింది 6,880 ఒక్కటే. మధ్యలో ఉన్న తొమ్మిది కిలోల తేడాలు దాని కంటికి ఆనవు.

అదే రోజు తిరుపతి గాంధీ రోడ్డులో ఒక నగల దుకాణం. గాజు పెట్టెలోని చిన్న కాటా మీద సవర నాణెం పెడితే 8.000 గ్రాములని చూపిస్తుంది. ఇక్కడ చివర ఒకటి కాదు, మూడు సున్నలున్నాయి. కానీ ఈ మూడూ కాటా చూసి చెప్పినవి. నాణెం కాస్త అరిగి ఉంటే అదే కాటా 7.996 అని చెప్పేది. 8.000 అన్నదంటే గ్రాములో వెయ్యో వంతు దాకా వెతికి, అక్కడ ఏమీ దొరకలేదని చెప్పినట్టు.

రెండూ సున్నలే. మొదటిది ఖాళీ చోటు నింపడానికి పెట్టింది, రెండోది కొలిచి పెట్టింది. సార్థక అంకెలు అనే భావన అంతా ఈ తేడాలోనే ఉంది. ఒక కొలతలో కచ్చితంగా తెలిసిన అంకెలు, వాటి వెంట కొంచెం అనుమానంతో చెప్పగలిగిన మొదటి అంకె, ఇవన్నీ కలిపి సార్థక అంకెలు. కొన్ని పాఠ్యపుస్తకాలు సార్థక సంఖ్యలని కూడా అంటాయి. ఆ లెక్కన వేబ్రిడ్జి 6,870లో సార్థక అంకెలు మూడు: 6, 8, 7. అందులో 7 కాస్త అనుమానపు అంకె. నాణెం 8.000లో నాలుగు.

ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో ఈ పాఠం నియమాల పట్టీగా వస్తుంది. సున్న కాని అంకెలన్నీ సార్థకం, నడుమ సున్నలు సార్థకం, ముందున్న సున్నలు కావు, దశాంశ బిందువు తర్వాత చివరన వచ్చేవి సార్థకం, బిందువు లేని సంఖ్య చివరి సున్నలు కావు. ఈఏపీసెట్‌కు కూర్చునే పిల్లలు దీన్ని ఎక్కాల్లా వల్లె వేస్తారు, ఒక మార్కు తెచ్చుకుంటారు, మర్చిపోతారు. మర్చిపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఐదు నియమాలుగా కనిపించేది నిజానికి ఒక్కటే ప్రశ్న. ప్రమాణం మార్చి రాస్తే ఈ సున్న ఉంటుందా, పోతుందా?

6,870 కిలోలను టన్నుల్లో రాస్తే 6.87. సున్న రాలిపోయింది, తూకం గురించి తెలిసిన సంగతి ఒక్కటీ పోలేదు. అంటే ఆ సున్న కిలోల కోసం పెట్టుకున్నదే. 8.000 గ్రాములను కిలోల్లో రాస్తే 0.008000. ముందు కొత్తగా మూడు సున్నలొచ్చాయి, అవి కిలో అనే పెద్ద ప్రమాణం తెచ్చినవి. వాటితో నాణెం గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. వెనక ఉన్న మూడు సున్నలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాటిని కొట్టేసి 0.008 అని రాస్తే కాటా చెప్పిన సాక్ష్యంలో మూడొంతులు చెరిపేసినట్టే. ఇక 7.05లో లాంటి నడుమ సున్నను ఏ ప్రమాణమూ కదిలించలేదు. అటూ ఇటూ కొలిచిన అంకెలే ఉన్నాయి కాబట్టి దాన్నీ కొలిచే ఉంటారు.

ఈ చివరి సున్న విలువ బాగా తెలిసినవాళ్లు చిత్తూరు జిల్లా పల్లెల్లో పాలు పోసేవాళ్లు. కేంద్రంలో ఇచ్చే చీటీ మీద ఫ్యాట్ 4.0, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) 8.5 అని ఉంటుంది. 4.0 అంటే అసలు వెన్న శాతం 3.95కూ 4.05కూ నడుమ ఉందని అర్థం. ఉత్త 4 అని రాస్తే అది 3.5 కావచ్చు, 4.5 కావచ్చు. ఫ్యాట్‌ను బట్టి లీటరు ధర కట్టే చోట ఆ సున్న ఒకరి పూట పాల డబ్బు. బీజగణితంలో 4, 4.0 సమానమే. కొలతల్లో అవి రెండు వేర్వేరు వాక్యాలు.

బిందువు లేని సంఖ్యల చివరి సున్నలే అసలు చిక్కు. ఒక గోదాములో 4,500 కిలోల బెల్లం ఉందని రాసి ఉంటే దాన్ని కిలో దాకా తూశారా, పది కిలోల దాకానా, లేక మూటలు చూసి సుమారుగా నాలుగున్నర టన్నులన్నారా? సంఖ్యను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. శాస్త్రవేత్తలు 10 ఘాతాలతో రాసేది ఇందుకే. 4.5 × 10³ అంటే రెండు సార్థక అంకెలు, 4.50 × 10³ అంటే మూడు, 4.500 × 10³ అంటే నాలుగు. అనుమానానికి తావుండదు. తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. లక్ష, కోటి అనే మాటలు రోజూ చేసే పని ఇదే. 3,80,00,000 అని రాస్తే ఏ సున్న లెక్కపెట్టిందో, ఏది నింపిందో తెలియదు. 3.8 కోట్లు, 3.80 కోట్లు అని రాస్తే వెంటనే తెలుస్తుంది. రెండోదాంట్లో లక్షల దాకా లెక్క చూశారు. కోటి అనే మాట సున్నల బరువంతా తన మీద వేసుకుని, అంకెలకు నిజం మాత్రమే చెప్పే పని వదిలేస్తుంది. బడిలో ఘాతాలు చెప్పే ముందు ఈ రెండు మాటలతో మొదలుపెడితే సగం పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది.

తిరుమల ఎత్తు సంగతి చూద్దాం. సముద్రమట్టానికి 853 మీటర్లని చాలా చోట్ల కనిపిస్తుంది. పక్కనే 2,799 అడుగులని ఉంటుంది. చూడ్డానికి రెండూ సర్వే చేసి తేల్చినట్టే ఉంటాయి. ఇప్పుడు సుమారుగా 2,800 అడుగులు అనే గుండ్రని మాటను 0.3048తో గుణించి చూస్తే 853.44 వస్తుంది. బిందువు తర్వాతివి వదిలేస్తే 853. ఆ 853ను తిరిగి అడుగుల్లోకి మారిస్తే 2,798.6, దగ్గరి పూర్ణాంకానికి 2,799. ఆ అంకెలు ఇలాగే వచ్చి ఉంటే, అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగేసరికి రెండు సార్థక అంకెల సుమారు మాట నాలుగంకెల కొలతలా కూర్చుంది. మధ్యలో కొత్తగా కొలిచినవాళ్లు ఎవరూ లేరు, కాలిక్యులేటర్ తప్ప. 2,800లో సార్థక అంకెలు రెండే అనుకుంటే మీటర్లలోనూ రెండే ఉండాలి, సుమారు 850 మీటర్లని. పైగా తిరుమల చదునైన బల్ల కాదు. ఎక్కుతూ దిగుతూ వీధులున్న కొండ మీది ఊరు. ఏ చోటి ఎత్తో చెప్పకుండా చివరి మీటరు దాకా పోవడానికి అర్థమే లేదు. ప్రమాణాలు మార్చేటప్పుడు జరిగే ఈ పొరపాటు అన్నిటికంటే మామూలుది, అన్నిటికంటే కనిపించనిదీ.

అదే కొండ మెట్ల లెక్క మాత్రం వేరే జాతి. అలిపిరి దారిలో 3,550 మెట్లని, శ్రీవారి మెట్టు దారిలో 2,388 అని చెబుతారు. 2,388ను చూసి ఎవరూ అనుమానపడరు, 3,550ను చూస్తే చివర సర్దారేమో అనిపిస్తుంది. నిజంగా ఒక్కొక్కటీ లెక్కపెట్టి 3,550 వచ్చి ఉంటే ఆ సున్న మిగతా అంకెలంత సార్థకం. మెట్లను కొలవరు, లెక్కపెడతారు. అరమెట్టు ఉండదు. లెక్కపెట్టిన సంఖ్యలో అనుమానపు అంకె ఉండదు కాబట్టి దాని సార్థక అంకెలకు హద్దే లేదంటారు. శ్రీవారి హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో రెండు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. నోట్లను లెక్కపెడతారు, బంగారు కానుకలను తూస్తారు. నోట్ల మొత్తం రూపాయి దాకా నిజం. బంగారం మాత్రం కాటా చూడగలిగినంత దాకానే నిజం.

లెక్కపెట్టినవాటి సరసనే నిర్వచించినవీ చేరతాయి. అంగుళం 2.54 సెంటీమీటర్లని 1959లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు, అడుగు 0.3048 మీటరన్నది దాన్నుంచే వచ్చింది. కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లన్నది 1983 నుంచి కొలత కాదు, నిర్వచనం. ఎకరం 43,560 చదరపు అడుగులు, సెంటు అందులో నూరో వంతు, 435.6. వీటిలో అంకెలెన్ని ఉన్నా అవి లెక్కను కట్టడి చేయవు. కట్టడి చేసేది ఎప్పుడూ కొలిచిన అంకే.

ఈ మాట సెంట్ల లెక్కలో రుజువవుతుంది. తిరుచానూరు వైపు ఒక ఇంటి స్థలం ఉందనుకుందాం. టేపు పట్టి కొలిస్తే ఒక వైపు 40.0 అడుగులు, ఇంకో వైపు 30.0 అడుగులు. గుణిస్తే 1,200 చదరపు అడుగులు, 435.6తో భాగిస్తే ఫోన్ చెప్పే జవాబు 2.75482093. అన్ని అంకెలు ఎవరూ రాయరు గానీ 2.7548 అని రాసేవాళ్లు ఉంటారు. సెంటు పది లక్షలు పలికే చోట 2.75కూ 2.7548కీ తేడా 4,800 రూపాయలు. రాయాలనిపించడం సహజమే.

ఇప్పుడు టేపు వైపు చూడాలి. 30 అడుగుల కొలత దగ్గర టేపు కాస్త వదులై ఒక్క అంగుళం తప్పిందనుకుంటే, 40 అడుగుల పొడవునా ఆ అంగుళం పరుచుకుని 3.33 చదరపు అడుగులవుతుంది. సెంట్లలో 0.0077. డబ్బులో దాదాపు 7,650 రూపాయలు. అంటే 4,800 కోసం పట్టుబడుతున్న చోట టేపు ఒక్కటే అంతకు మించి అటూ ఇటూ కదిలిస్తోంది. 2.7548లో చివరి స్థానంలో ఒకటి అంటే నేల మీద చూస్తే సుమారు ఆరు చదరపు అంగుళాలు, ఇంచుమించు అరచేతిలో సగం. ఆ టేపు దాన్ని ఏనాడూ చూడలేదు. గుణకార భాగహారాల్లో నియమం ఇదే. లెక్కలోకి వచ్చిన కొలతల్లో అన్నిటికంటే తక్కువ సార్థక అంకెలు దేనికున్నాయో జవాబుకూ అన్నే ఉండాలి. 40.0కు మూడు, 30.0కు మూడు, కాబట్టి 2.75 సెంట్లు. మూడో అంకె 5 దగ్గరే అనుమానం మొదలైంది, అక్కడే ఆగాలి. నాలుగో అంకె నిజంగా కావాలంటే కాలిక్యులేటర్‌ను అడిగి లాభం లేదు, ఇంకా మంచి పరికరంతో మళ్లీ కొలిపించాలి.

కూడిక, తీసివేతల్లో సార్థక అంకెల సంఖ్య చూడరు, దశాంశ స్థానాలు చూస్తారు. వాన లెక్క తీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఒక మండలంలో వరుసగా మూడు రోజులు 12.4, 0.6, 108.2 మిల్లీమీటర్లు కురిసిందనుకుందాం. మొత్తం 121.2. ఇందులో 0.6కు సార్థక అంకె ఒక్కటే అయినా మొత్తానికి నాలుగు మిగిలాయి. మూడు కొలతలూ బిందువు తర్వాత ఒక స్థానం దాకా చూసినవే కాబట్టి మొత్తమూ అక్కడిదాకా నమ్మదగిందే. రోజు సగటు కోసం 3తో భాగిస్తే 40.4. ఆ 3 లెక్కపెట్టిన రోజుల సంఖ్య, దానికి ఒకే అంకె ఉందని జవాబును 40కి కుదించక్కర్లేదు. పిల్లలు ఎక్కువగా తడబడేది సరిగ్గా ఇక్కడే.

తీసివేత మాత్రం జాగ్రత్తగా చూడాల్సిన లెక్క. అది సార్థక అంకెల్ని చప్పుడు లేకుండా తినేస్తుంది. మొదటి ట్రాక్టర్ దగ్గర 6,870 నుంచి 2,940 తీస్తే 3,930 మిగిలింది. ఒక్కో తూకంలో అయిదు కిలోల దాకా తేడా ఉండొచ్చు కాబట్టి, రెండూ ఎదురెదురు దిక్కుల్లో తప్పితే నికర తూకంలో పది కిలోలు అటో ఇటో. దాదాపు నాలుగు వేల కిలోల మీద అది పెద్ద తేడా కాదు. కానీ అదే వేబ్రిడ్జి మీద రెండు క్రేట్లే దించి తూస్తే? దించక ముందు 2,960, దించాక 2,940. తేడా 20 కిలోలు, ఇక్కడా పది అటో ఇటో. మూడేసి సార్థక అంకెలున్న రెండు తూకాలు కలిసి ఒకే ఒక్క సార్థక అంకెను మిగిల్చాయి, అదీ సగానికి సగం అనుమానంతో. పెద్ద కాటా మీద చిన్న సరుకు తూయకూడదని మండీల్లో అనుభవంతో తెలిసినవాళ్లు ఎప్పుడూ చెప్పేదే. అంకెల భాషలో దానికి కారణం ఇది.

కాటా ఎంతెంతకు కదులుతుందన్నది రహస్యం కాదు. తూనికలు కొలతల చట్టం కింద ముద్ర వేయించుకునే కాటాల మీద గరిష్ఠ బరువు, కనిష్ఠ బరువుతో పాటు ఇంగ్లీషు 'ఇ' అక్షరం పక్కన ఒక బరువు రాసి ఉంటుంది. కాటాను పరీక్షించేటప్పుడు ఆధారంగా తీసుకునే మెట్టు అది. దాన్ని చదివితే ఎర్ర అంకెల్లో దేన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. సరుకు దించే ముందు అటొక చూపు వేయడానికి అరనిమిషం పట్టదు.

సవరింపు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. వదిలేసే అంకె 5 కంటే తక్కువైతే ముందున్నది అలాగే ఉంటుంది, ఎక్కువైతే ఒకటి పెరుగుతుంది. సరిగ్గా 5 అయితే ముందున్న అంకెను సరిసంఖ్య చేయమంటారు: 4.65ను 4.6 అని, 4.75ను 4.8 అని. ఎప్పుడూ పైకే సవరిస్తే పెద్ద పట్టికల్లో మొత్తం కొంచెం కొంచెంగా పెరిగిపోతుందని ఆ ఏర్పాటు. ఇంకొకటి, సవరింపు చివర ఒక్కసారే చేయాలి. మెట్టు మెట్టుకూ సవరించుకుంటూ పోతే ఆ చిన్న తప్పులే పోగై జవాబును తప్పిస్తాయి.

అన్ని చోట్లా మాత్రం ఈ సవరింపు వర్తించదు. 22 క్యారెట్ల బంగారం అంటే 24లో 22 పాళ్లు, దశాంశంలో 0.91666... మూడు అంకెలకు సవరిస్తే 0.917 రావాలి. నగ మీది హాల్‌మార్క్ ముద్ర మాత్రం 916. స్వచ్ఛతకు అది కనీస హామీ, వెయ్యి పాళ్లలో 916కు తగ్గకూడదని. అందుకే పైకి సవరించలేదు. 18 క్యారెట్ల ముద్ర 750. దాని చివర ఉన్నది వేబ్రిడ్జి సున్న లాంటిది కాదు. వెయ్యిలో పాళ్లు చెప్పే ముద్రలో మూడు స్థానాలకూ అర్థం ఉంది కాబట్టి అక్కడ సున్న కూడా పూర్తి బాధ్యత మోస్తోంది.

సార్థక అంకెల లెక్కకూ హద్దులున్నాయి, వాటిని దాచిపెట్టి పాఠం చెప్పడం న్యాయం కాదు. పాల క్యానులో 9.9 లీటర్లు, ఇంకోదాంట్లో 10.1 లీటర్లు ఉంటే మొదటిదానికి రెండు సార్థక అంకెలు, రెండోదానికి మూడు. కొలత నాణ్యత మాత్రం రెండిట్లో దాదాపు ఒకటే. ఒకటి 99లో ఒక వంతు, ఇంకోటి 101లో ఒక వంతు. ఎండాకాలం తిరుపతిలో మధ్యాహ్నం 40.2 డిగ్రీల సెల్సియస్ నమోదైతే మూడు సార్థక అంకెలు. దాన్ని కెల్విన్‌లోకి మార్చడానికి 273.15 కలిపి, ఒక స్థానానికి సవరిస్తే 313.4, నాలుగు అంకెలు. థర్మామీటర్ మారలేదు, ఎండా మారలేదు, ఒక అంకె పెరిగింది. సెల్సియస్ సున్న అంటే వేడి అసలే లేని స్థితి కాదు, నీరు గడ్డకట్టే చోట మనం పెట్టుకున్న గీత. సున్నను ఎక్కడ పెట్టుకున్నామన్నదాన్ని బట్టి సార్థక అంకెల సంఖ్య మారిపోయే కొలతల్లో దశాంశ స్థానాలను చూడడమే మేలు. అక్షాంశాలదీ అంతే. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉందంటే పదకొండు కిలోమీటర్ల మేర పట్టీ చూపించినట్టు, 13.63 అంటే కిలోమీటరు పైచిలుకు మేర చూపించినట్టు. ముందున్న 13ను లెక్కలోకి తీసుకుని అంకెలు లెక్కపెట్టడంలో ప్రయోజనం లేదు.

అందుకే ప్రయోగశాలల్లో పని సార్థక అంకెలతో ఆగదు. కొలత పక్కనే అనిశ్చితిని కూడా రాస్తారు. హెన్రీ కావెండిష్ 1798లో సీసపు గోళాల మధ్య ఆకర్షణను కొలిచి, భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని ప్రకటించాడు. ఇప్పుడు ఒప్పుకునే విలువ సుమారు 5.51. రెండంకెలకు సవరిస్తే రెండూ 5.5, తేడా మూడో అంకె దాకా వెళ్తేనే కనిపిస్తుంది. అనుమానపు అంకె ఉండాల్సిన చోటే ఉంది. ఆ ప్రయోగం దారిలోనే వచ్చిన గురుత్వ స్థిరాంకాన్ని ఇంటర్ పిల్లలు 6.67 × 10⁻¹¹ అని రాస్తారు. ప్రామాణిక పట్టికల్లో అది 6.67430 × 10⁻¹¹, అనిశ్చితి 0.00015 × 10⁻¹¹. చివరన ఒక సున్న ఉంది. అనుమానం దాని ముందున్న 3 దగ్గరే మొదలైంది కాబట్టి, పాఠం ప్రకారం పోతే 3తోనే ఆపేయాలి. అయినా ఆ సున్నను ఉంచారు. 6.6743 అని కుదిస్తే 0.00015లోని చివరి 5కు ఎదురుగా నిలబడడానికి స్థిరాంకంలో అంకె ఉండదు.